తరగతిలో నేర్చుకున్నది సీటు దగ్గర ఎందుకు నిలవదు

రెండు రోజుల శిక్షణ ముగిసే వేళకు అందరి చేతికీ ఒక ఫారం వస్తుంది. హాలు బాగుందా, చెప్పినాయన బాగా చెప్పాడా, తోటివాళ్లను కూడా రమ్మంటారా? ఇంటికెళ్లే తొందరలో ఉన్నవాళ్లు వరసగా నాలుగులు, అయిదులు టిక్ పెట్టేసి బ్యాగు తీసుకుంటారు. హెచ్ఆర్ విభాగం వాటి సగటు తీసి, ఆ అంకెను ఒక స్లైడ్ మీద వేసి పైవాళ్లకు చూపిస్తుంది. శిక్షణ బ్రహ్మాండంగా జరిగిందని రికార్డుల్లోకి ఎక్కుతుంది. మూడు నెలలు తిరిగేసరికి అదే టీమ్‌లో అవే తప్పులు, అవే గొడవలు. దాంతో ఇంకో శిక్షణకు తేదీలు వెతకడం మొదలవుతుంది.

ఆ ఫారం చెప్పేది వచ్చినవాళ్లకు నచ్చిందా లేదా అన్న ఒక్క సంగతే. శిక్షణను కొలవడం మీద పనిచేసిన అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్ల మీద కొలవాలన్నాడు: నచ్చిందా, వచ్చిందా, పనిచేసే తీరు మారిందా, సంస్థకు ఏమైనా ఒరిగిందా. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ ఈ నాలుగూ కంఠతా వచ్చు. అయినా కొలత చాలాచోట్ల మొదటి మెట్టు దాటదు. దానికి ఒక ఫారం సరిపోతుంది మరి. మూడో మెట్టుకు ఎక్కాలంటే నెలల తరబడి పని జరిగే చోటికి వెళ్లి గమనించాలి. అలా వెళితే శిక్షకుడి లోపాలకన్నా మేనేజర్ల లోపాలే ముందు కంటపడతాయి. ఆ చిక్కు కొనితెచ్చుకోవడం ఎవరికీ ఇష్టముండదు.

ఒక కంపెనీ మాత్రం 1950ల మొదట్లో అక్కడిదాకా వెళ్లనిచ్చింది. ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన ఫోర్‌మన్లను షికాగోలో రెండు వారాల శిక్షణకు పంపేది. కిందివాళ్లతో ఎలా మెలగాలి, వాళ్ల మాట ఎలా వినాలి అన్నది అందులో పెద్ద భాగం. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఎడ్విన్ ఫ్లైష్‌మన్, ఆయన సహచరులు ఈ ఫోర్‌మన్లను శిక్షణకు ముందు, శిక్షణ అవగానే, మళ్లీ ఫ్యాక్టరీకి తిరిగొచ్చాక పరిశీలించారు. తరగతి చివరి రోజున ఫలితం చక్కగా ఉంది. మనిషిని మనిషిగా చూడాలన్న ఆలోచన పెరిగింది, హుకుం చలాయించాలన్న ధోరణి తగ్గింది. ఆరోజే ఫీడ్‌బ్యాక్ తీసుకుని ఫైలు మూసేసి ఉంటే ఆ శిక్షణ ఘన విజయమే.

ఫ్యాక్టరీకి తిరిగొచ్చాక మాత్రం ఆ మార్పు నిలవలేదు. కొన్ని కొలతల్లో అయితే శిక్షణ పొందినవాళ్లు అసలు శిక్షణకు వెళ్లనివాళ్లకన్నా కటువుగా తేలారు. ఫోర్‌మన్ ఎలా ప్రవర్తిస్తాడో చెప్పగలిగింది అతను తరగతికి వెళ్లాడా లేదా అన్న లెక్క కాదు, అతని పైన ఉన్న బాస్ తీరు. బాస్ నెమ్మదస్తుడైతే ఫోర్‌మన్‌కీ నెమ్మది అబ్బింది. బాస్ కేకలేసే మనిషైతే ఫోర్‌మన్ కూడా కేకలేశాడు. రెండు వారాలు నేర్పింది బడి అయితే ఏడాది పొడవునా నేర్పుతున్నది బాస్. ఎవరి పాఠం గట్టిగా ఎక్కిందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఫలితాలు 1955లో అచ్చయ్యాయి. ఇప్పటికీ చాలా సంస్థలు శిక్షణకు కిందివాళ్లనే పంపుతాయి. పైవాళ్లు వచ్చి ప్రారంభోపన్యాసం చేసి వెళ్లిపోతారు.

అసలు శిక్షణకు పంపేముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఉద్యోగికి ఆ పని రాదా, లేక వచ్చినా చేయడం లేదా? దీన్ని తేల్చడానికి శిక్షణ రంగ నిపుణులు రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ 1970లో ఒక మొరటు పరీక్ష పెట్టారు. ప్రాణం మీదికొస్తే ఆ మనిషి ఆ పని చేయగలడా? చేయగలడంటే లోపం నైపుణ్యంలో లేదు. అలాంటివాణ్ని తరగతిలో కూర్చోబెట్టడం రోగం ఒకటైతే మందు ఒకటి వేయడమే.

ఒక కాల్ సెంటర్ తీసుకుందాం. ఏజెంట్లు తమ మాట పూర్తిగా వినకుండానే ఫోన్ పెట్టేస్తున్నారని కస్టమర్ల ఫిర్యాదులు పెరిగాయి. ఓపిగ్గా వినడం ఎలా అన్న అంశం మీద శుక్రవారం రోజంతా వర్క్‌షాప్ పెట్టారు. సోమవారం పొద్దున ఏజెంట్ హెడ్‌సెట్ తగిలించుకుంటాడు. స్క్రీన్ మూలన ఒక టైమర్ ఉంది. నాలుగు నిమిషాలు దాటితే అది ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారుతుంది. అవతల ఒక పెద్దాయన తన బిల్లు గొడవను మొదటి నుంచీ పూసగుచ్చినట్టు చెప్పుకొస్తున్నాడు. నేర్పినట్టే ఏజెంట్ మధ్యలో ఆపకుండా వింటాడు. మూడున్నర నిమిషాలకు టెన్షన్ మొదలవుతుంది. పెద్దాయన ఇంకా కిందటి నెల బిల్లు దగ్గరే ఉన్నాడు. టైమర్ ఎర్రబడుతుంది. టీమ్ లీడర్ నుంచి చాట్‌లో ఒక్క ముక్క వస్తుంది: ‘త్వరగా.’ నెలాఖరు ఇన్సెంటివ్ ఆ టైమర్ లెక్క మీదే ఆధారపడి ఉంది. మధ్యాహ్నానికల్లా ఆ ఏజెంట్ పాత పద్ధతికే వచ్చేస్తాడు. అతనికి శిక్షణ తలకెక్కలేదని ఎవరైనా అంటే అది అన్యాయం. రెండు రకాల సూచనలు వచ్చినప్పుడు దేనికి జీతం ముడిపడి ఉందో పసిగట్టాడు, అంతే.

ఇక్కడ నాలుగు నిమిషాల నిబంధన తీసేస్తే వర్క్‌షాప్‌తోనే పనిలేకపోవచ్చు. కానీ నిబంధన తీయాలంటే దాన్ని పెట్టినవాళ్లను కదిలించాలి, ఖర్చు లెక్కలు మళ్లీ వేయాలి. వర్క్‌షాప్‌కైతే ఒక హాలు, ఒక ట్రైనర్ చాలు. శిక్షణ ఇంత విరివిగా జరగడానికి అది పనిచేస్తుందన్న నమ్మకం కన్నా ఎవరి కుర్చీనీ కదపదన్న సుఖమే పెద్ద కారణమనిపిస్తుంది. సంస్థల్లో మార్పు మీద దశాబ్దాలుగా పనిచేసిన మైకేల్ బీర్ వాదన కూడా దాదాపు ఇదే. ఎవరి బాధ్యత ఏమిటి, ఎవరు ఎవరితో కలిసి పనిచేయాలి అన్నవి ముందు సరిచేయాలి. మనుషులకు నేర్పడం ఆ తర్వాత.

దీన్నిబట్టి నేర్పడమే వృథా అనుకోనక్కర్లేదు. పని నిజంగా రానప్పుడు నేర్పాల్సిందే. బాగా నేర్పడం ఎలాగో చాలాకాలంగా తెలుసు కూడా. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి అంతకుముందు యంత్రం ముట్టుకోనివాళ్లు లక్షల్లో వచ్చిపడ్డారు. వాళ్లకు పని నేర్పాల్సిన సూపర్‌వైజర్లకు నేర్పడమే రాదు. 1940 నుంచి 1945 దాకా నడిచిన ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే ప్రభుత్వ కార్యక్రమం ఆ లోటు పూడ్చడానికి పుట్టింది. రెండేసి గంటల చొప్పున అయిదు తరగతులు, మొత్తం పది గంటలు. 16 లక్షల మందికి పైగా ఇందులో సర్టిఫికెట్ పొందారు.

ఆ తరగతి ఒక ముడితో మొదలయ్యేది. బల్బు హోల్డర్‌లోంచి వైరు లాగినా లోపలి కనెక్షన్ ఊడిపోకుండా రెండు పాయలతో వేసే ముడి అది. శిక్షకుడు ఒకరిని ముందుకు పిలిచి, చేతిలో వైరు పెట్టి, ముడి ఎలా వేయాలో మాటల్లో చెప్పేవాడు. ఈ పాయను ఇటు తిప్పాలి, ఆ పాయను దీని వెనక నుంచి తేవాలి, ఈ ఉచ్చులోంచి దూర్చాలి. చెప్పడం అయ్యాక వేయమంటే ఆ మనిషి వైరు పట్టుకుని దిక్కులు చూసేవాడు. తర్వాత ఇంకొకరికి మాటలేమీ లేకుండా చకచకా వేసి చూపించేవాడు. ఎదురుగా నిలబడి చూసినవాడికి కుడి ఎడమలు తారుమారై, అతనూ వేయలేకపోయేవాడు. చెప్పడం, చూపించడం రెండూ అయిపోయాయి, ముడి మాత్రం పడలేదు. అప్పటిదాకా తమ ఫ్యాక్టరీల్లో సరిగ్గా ఈ రెండు పనులే చేసి ‘నేర్పేశాం’ అనుకున్న సూపర్‌వైజర్లు ఆ గదిలో కూర్చుని అది చూసేవాళ్లు.

ఆ తర్వాతే అసలు పద్ధతి వచ్చేది. అది కొత్తదేమీ కాదు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఓడల కార్ఖానాల్లో చార్లెస్ అలెన్ వాడిన నాలుగు మెట్లే. నేర్చుకునేవాడి బెరుకు పోగొట్టి, అతనికి అప్పటికే ఏం తెలుసో కనుక్కోవడం. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా చెబుతూ చూపించడం. అతని చేత చేయించడం, అదీ ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో అతని నోటే చెప్పిస్తూ. చివరగా పనిలోకి వదిలి, సందేహమొస్తే ఎవరిని అడగాలో చెప్పి, మొదట తరచూ, క్రమంగా అప్పుడప్పుడూ వెళ్లి చూసి రావడం. నేర్పేవాడు ముందుగా పనిని కాగితం మీద మెట్లుగా రాసుకోవాలి, ప్రతి మెట్టులో పని చెడగొట్టేదో, చేతికి దెబ్బ తగిలించేదో, పనిని సులువు చేసేదో ఏదైనా ఉంటే దాన్ని పక్కనే కీలకంగా గుర్తుపెట్టుకోవాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ కార్యక్రమం నినాదం దీన్ని తిరగేసింది: పనివాడికి రాలేదంటే నేర్పేవాడు నేర్పలేదన్నమాట. యుద్ధం తర్వాత అమెరికాలో దీన్ని పక్కన పెట్టేశారు. జపాన్ అందిపుచ్చుకుంది, టయోటాలో కార్మికులకు పని నేర్పే తీరులో దాని జాడ ఇప్పటికీ ఉంది.

ఈ పద్ధతిలో చివరి మెట్టునే ఎక్కువమంది వదిలేస్తారు. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే చేసుకుని 1885లో అచ్చువేసిన ప్రయోగాల్లో, అర్థంలేని అక్షరాల వరసలను బట్టీపట్టి, కొంత వ్యవధి తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గుతుందో కొలిచాడు. 20 నిమిషాల తర్వాత ఆదా 58 శాతం. ఒక రోజుకు అది మూడో వంతుకు, నెలకు అయిదో వంతుకు పడిపోయింది. అర్థమున్న విషయాలు ఇంతకన్నా ఎక్కువకాలం నిలుస్తాయి కాబట్టి ఈ అంకెలను మక్కీకి మక్కీ ఆఫీసు శిక్షణకు అంటగట్టకూడదు. కానీ మరుపు మొదట్లోనే వేగంగా జరుగుతుందన్న విషయంలో మార్పు లేదు. దానికి విరుగుడు మళ్లీ చదవడమని అందరూ అనుకుంటారు. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో అచ్చువేసిన ప్రయోగంలో విద్యార్థులు ఒక పాఠాన్ని రెండోసారి చదివారు, ఇంకో పాఠాన్ని మళ్లీ చదవకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ చదివినదానిదే పైచేయి. వారం తర్వాత మళ్లీ చదివిన పాఠం 42 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుని రాసిన పాఠం 56 శాతం గుర్తుంది. ఆఫీసుకు వర్తింపజేస్తే, శిక్షణ అయ్యాక స్లైడ్లు మెయిల్లో పంపేకన్నా పది రోజులకు ఒకసారి అయిదు ప్రశ్నలు పంపడం మేలు.

పనిలో పనిగా ఒక మాట. ‘చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుంది’ అన్న పిరమిడ్ బొమ్మ శిక్షణ స్లైడ్లలో విరివిగా కనబడుతుంది. దానికి మూలమని చెప్పే అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ 1946లో గీసిన బొమ్మలో అంకెలే లేవు, ఎవరో తర్వాత తగిలించారు. ఒకరు చూసి నేర్చుకునే రకం, ఒకరు విని నేర్చుకునే రకం, కాబట్టి ఎవరి రకానికి తగ్గట్టు వాళ్లకు నేర్పాలన్న సిద్ధాంతానికీ తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. శిక్షణను తిట్టేవాళ్లూ తక్కువ తినలేదు. శిక్షణ ఖర్చులో 10 శాతమే పనిలోకి వస్తుందని వాళ్లు చెప్పే లెక్క 1982లో ఒక రచయిత వ్యాసంలో మాటవరసకు వేసిన అంచనా. దాన్ని ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకుంటూ పరిశోధన ఫలితంగా మార్చేశారు.

డబ్బు సంగతికొస్తే యజమానుల భయం ఒకటే: నేర్పించాక మానేసి పక్క కంపెనీకి పోతే? ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో దీన్ని విడదీసి చూపించాడు. ఎక్కడికెళ్లినా పనికొచ్చే నైపుణ్యం ఒకటి, ఆ సంస్థలోనే పనికొచ్చేది ఇంకొకటి. మొదటిదానికి యజమాని ఖర్చు పెట్టడానికి వెనకాడతాడు, ఉద్యోగే తక్కువ జీతానికి చేరి పరోక్షంగా ఆ ఖర్చు భరిస్తాడు. బాండ్లు రాయించుకోవడం ఈ భయంలోంచి వచ్చిందే. బాండు మనిషిని ఆపుతుందేమో గానీ అతని మనసును ఆపదు.

శిక్షణ మనిషిని మార్చాలని చూస్తుంది. సంస్థాగత అభివృద్ధి అనే రంగం ఆ మనిషి చుట్టూ ఉన్న ఏర్పాటును మార్చాలని చూస్తుంది. ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ ఒకరు. ఆయన శిష్యపరంపరలోని ప్రయోగం ఒకటి వర్జీనియాలోని మేరియన్ ఊళ్లో హార్వుడ్ అనే పైజామాల ఫ్యాక్టరీలో జరిగింది. అక్కడ ఫ్యాషన్ మారినప్పుడల్లా పని తీరు మారేది, మారినప్పుడల్లా కార్మికుల ఉత్పత్తి పడిపోయి, చాలాకాలం లేచేది కాదు. కొత్త పనికి కావలసిన నేర్పు లేకనా? ఆ ప్రయోగం చేసిన లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనుమానం వేరు: లోపం మార్పు తెచ్చే తీరులో ఉందేమోనని. 1948లో వాళ్లు అచ్చువేసిన ఫలితాలు చూస్తే ఆ అనుమానం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

ఒక బృందంలోని ఇస్త్రీ కార్మికులు అప్పటిదాకా అరడజను చొప్పున పైజామాలను అట్టముక్క మీద పేర్చేవాళ్లు. ఇకమీదట పెట్టెలో పేర్చాలన్నారు. మార్పు ఇంతే. మేనేజ్‌మెంట్ సమావేశం పెట్టి, పోటీ పెరిగింది కాబట్టి ఇది తప్పదని వివరించి, కొత్త రేటు చెప్పి, ప్రశ్నలకు జవాబిచ్చి పంపేసింది. ఆ బృందం ఉత్పత్తి పడిపోయి అక్కడే ఉండిపోయింది. మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. ఇంకో రెండు బృందాలకు ముందు సమస్యను చూపించి, పనిని ఎలా మార్చాలో, రేటు ఎలా కట్టాలో వాళ్లనే తేల్చమన్నారు. ఆ బృందాలు కొద్ది రోజుల్లోనే కోలుకుని, పాత స్థాయిని దాటి దాదాపు 14 శాతం ఎక్కువ చేశాయి. ఒక్కరూ మానలేదు. రెండున్నర నెలల తర్వాత, మొదటి బృందంలో మిగిలిన 13 మందిని మళ్లీ ఒక కొత్త పనికి మార్చారు, ఈసారి వాళ్లను కలుపుకుని. అదే మనుషులు, అవే చేతులు. వాళ్లూ త్వరగానే కోలుకుని ముందుకెళ్లారు. అంతకుముందు వాళ్ల గురించి ‘వీళ్లకు కొత్తది నేర్చుకునే గుణం లేదు’ అని ఎవరైనా నివేదిక రాసి ఉంటే, కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండేది కాదు.

ఈ మధ్య ‘ఉద్యోగుల భాగస్వామ్యం’ అన్న మాట బాగా అరిగిపోయింది. నిర్ణయం అయిపోయాక అభిప్రాయాలడగడాన్ని కూడా అలాగే పిలుస్తున్నారు. హార్వుడ్‌లో కార్మికులు రేటు లెక్కలోనే చెయ్యి పెట్టారు. తేడా అక్కడుంది.

మనిషినీ, ఏర్పాటునూ రెంటినీ కలిపి మార్చిన ఉదాహరణ విమానాల్లో దొరుకుతుంది. 1978 డిసెంబర్ 28న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 విమానం పోర్ట్‌లాండ్ దగ్గరకు వచ్చేసరికి చక్రాల ఏర్పాటులో ఏదో తేడా వచ్చింది. ఆ సంగతి తేల్చుకుంటూ విమానం దాదాపు గంటసేపు గాల్లోనే చక్కర్లు కొట్టింది. ఇంధనం తగ్గిపోతోందని కాక్‌పిట్‌లో కెప్టెన్ కింద పనిచేసేవాళ్లకు తెలుసు. ఫ్లయిట్ ఇంజినీర్ ఆ మాట అన్నాడు కూడా, కానీ కెప్టెన్‌ను ఆపేంత గట్టిగా కాదు. కెప్టెన్ ధ్యాసంతా చక్రాల మీదే ఉంది. చివరికి ఇంధనమే అయిపోయి విమానం కూలింది. పదిమంది చనిపోయారు. ఆ కెప్టెన్‌కు విమానం నడపడం రాక కాదు, ఇంజినీర్‌కు మీటరు చదవడం రాకా కాదు. ఇద్దరి మధ్యా ఉన్న అంతరం వల్ల ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరలేదు.

1979లో నాసా దీని మీద ఒక వర్క్‌షాప్ పెట్టింది. 1981లో అదే యునైటెడ్ సంస్థ కాక్‌పిట్ సిబ్బందికి కొత్త తరహా శిక్షణ మొదలుపెట్టింది. దాని రూపకల్పనలో సాయపడింది విమాన నిపుణులు మాత్రమే కాదు, కంపెనీల్లో మేనేజర్ల తీరు మీద పనిచేసిన రాబర్ట్ బ్లేక్, జేన్ మౌటన్ కూడా. మొదట్లో కొందరు పైలట్లు దీన్ని ‘మర్యాదలు నేర్పే బడి’ అని వెక్కిరించారు. ఒక్కసారి తరగతి పెట్టి వదిలేసి ఉంటే ఆ వెక్కిరింతే మిగిలేది. అలా వదల్లేదు. ఏటా మళ్లీ చేయించారు. ఉపన్యాసంతో సరిపెట్టకుండా సిమ్యులేటర్‌లో మొత్తం సిబ్బందిని కూర్చోబెట్టి, గాల్లో చిక్కు వచ్చినట్టు సృష్టించి, వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకున్నారో వీడియోలో వాళ్లకే చూపించారు. అన్నిటికన్నా ముఖ్యం, కెప్టెన్లను మినహాయించలేదు. కిందివాడికి నోరు విప్పడం నేర్పిన తరగతిలోనే పైవాడికి వినడం నేర్పారు. హార్వెస్టర్ ఫ్యాక్టరీలో జరగనిది ఇదే.

1989 జులై 19న ఇదే సంస్థకు చెందిన 232 విమానంలో తోక దగ్గరి ఇంజిన్ పగిలి, దాని ముక్కలు హైడ్రాలిక్ గొట్టాలన్నిటినీ తెంపేశాయి. విమానాన్ని తిప్పే సాధనాలేవీ పనిచేయడం లేదు. ఇలాంటి స్థితికి ఏం చేయాలో ఏ మాన్యువల్‌లోనూ లేదు, ఎందుకంటే ఇది జరగదనే అందరూ అనుకున్నారు. కెప్టెన్ ఆల్ హేన్స్‌కు 30 ఏళ్లకు పైగా అనుభవం ఉంది. ప్రయాణికుల్లో డెనిస్ ఫిచ్ అనే పైలట్, అదే రకం విమానం మీద ఇతరులకు శిక్షణ ఇచ్చేవాడు, డ్యూటీలో లేకపోయినా సాయం చేస్తానని కబురు పంపాడు. హేన్స్ ఆయన్ని కాక్‌పిట్‌లోకి పిలిచి, బతికున్న రెండు ఇంజిన్ల థ్రాటిళ్లు చేతికిచ్చాడు. ఫిచ్ సీట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఒకదానికి పవర్ పెంచుతూ, ఇంకోదానికి తగ్గిస్తూ విమానాన్ని తిప్పాడు. నలుగురూ ఆపకుండా మాట్లాడుకుంటూనే ఉన్నారు. సూ సిటీ రన్‌వే మీద విమానం ముక్కలైంది. అందులో ఉన్న 296 మందిలో 184 మంది బతికారు. తర్వాత ఎక్కడ మాట్లాడినా హేన్స్ ఆ శిక్షణ గురించి చెప్పేవాడు.